జైలు గేటు దాటాక ఎక్కడికి? ఎలిజబెత్ ఫ్రై జీవితకథ

బ్రిటన్‌లో చాలాకాలంగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు పాత ఐదు పౌండ్ల కాగితపు నోటు గుర్తుండే ఉంటుంది. ఒకవైపు రాణి బొమ్మ. రెండోవైపు తలకు తెల్లటి టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ. ఆ పక్కనే జైలులో ఖైదీలకు ఆవిడ ఏదో చదివి వినిపిస్తున్న దృశ్యం. 2002 మే నెలలో వచ్చిన ఆ నోటు 2017 మే దాకా చెల్లింది. పదిహేనేళ్లు మన జేబుల్లో తిరిగిన ఆ పెద్దావిడ పేరు ఎలిజబెత్ ఫ్రై.

మనవాళ్లకు ఆవిడ ఇంకోరకంగా కూడా దగ్గరే. దక్షిణాది కిరాణా కొట్లు, దోసె హోటళ్లతో మనకు బాగా తెలిసిన ఈస్ట్ హామ్‌లోనే ఆవిడ ఇరవై ఏళ్లు కాపురం చేశారు. పదకొండు మంది పిల్లల తల్లిగా అక్కడ ఇల్లు చక్కబెట్టుకుంటూనే, లండన్‌లో అందరూ భయపడే జైలుకు వెళ్లివచ్చారు. శిక్ష పూర్తయిన మనిషి బయటికొచ్చాక ఎక్కడికి వెళ్లాలి? ఆ ఖర్చు ఎవరు పెట్టాలి? రెండు వందల ఏళ్ల క్రితం ఆవిడకు ఎదురైన ఈ ప్రశ్నలే ఇప్పటికీ ప్రభుత్వాల ముందు ఉన్నాయి.

కలవారి ఇంటి ఆడపిల్ల

ఎలిజబెత్ 1780 మే 21న నార్విచ్ పట్టణంలో పుట్టారు. పుట్టింటి పేరు గర్నీ. తండ్రి జాన్ గర్నీది ఉన్ని వ్యాపారం, బ్యాంకుల కుటుంబం. తల్లి క్యాథరిన్‌కు బార్‌క్లే వారితో రక్తసంబంధం ఉంది. ఇప్పుడు మనం హైస్ట్రీట్‌లో చూసే బార్‌క్లేస్ బ్యాంకు పేరు వెనకున్న వంశమే అది. ఎలిజబెత్ పెరిగిన ఎర్లమ్ హాల్ భవనం ప్రస్తుతం ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో భాగం. అక్కడ చదువుకునే మన పిల్లలు దాన్ని చూసే ఉంటారు.

గర్నీలు క్వేకర్లు. క్వేకర్ల ప్రార్థనలో పూజారి ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు. మాట్లాడాలనిపించిన వాళ్లు, ఆడవాళ్లయినా సరే, లేచి మాట్లాడవచ్చు. ఆ రోజుల్లో స్త్రీకి నలుగురిలో నోరు విప్పే హక్కు ఇచ్చిన వర్గాలు చాలా తక్కువ. ఎలిజబెత్ జీవితానికి అదే పునాది అయింది.

పన్నెండేళ్లకే తల్లి పోయింది. 1798లో అమెరికా నుంచి వచ్చిన విలియం సేవరీ అనే క్వేకర్ బోధకుడి ప్రసంగం విన్నాక ఆ అమ్మాయి మనసు మారింది. పట్టుబట్టలు, రంగులు, డాన్సులు ఒక్కొక్కటిగా మానేశారు. ఊళ్లోని పేద పిల్లలను ఇంటికి పిలిచి చదువు చెప్పడం మొదలుపెట్టారు. 1800లో టీ వ్యాపారం, బ్యాంకు ఉన్న జోసెఫ్ ఫ్రైతో పెళ్లయింది. మొదట లండన్ నగరం నడిబొడ్డున కాపురం. 1809లో ఈస్ట్ హామ్‌లోని ప్లాషెట్ హౌస్‌కు మారారు. అప్పట్లో అదంతా పల్లెటూరు. అక్కడా ఆవిడ ఊరికే కూర్చోలేదు. ఆడపిల్లల బడి పెట్టించారు. చుట్టుపక్కల పిల్లలకు మశూచి టీకాలు వేశారు.

న్యూగేట్ తలుపు తెరుచుకున్న రోజు

1813లో స్టీఫెన్ గ్రెలెట్ అనే క్వేకర్ ఆవిడ ఇంటికి వచ్చి న్యూగేట్ జైలులో ఆడఖైదీల స్థితి చెప్పారు. మర్నాడే ఆవిడ పసిపిల్లల కోసం మెత్తటి బట్టలు కుట్టించి, స్నేహితురాలు అన్నా బక్స్‌టన్‌ను వెంటబెట్టుకుని బయల్దేరారు. ఆడవాళ్ల వార్డులోకి తాము వెళ్లడానికే జంకే జైలు అధికారులు, ఆవిడను వద్దని వారించారు. ఆవిడ వినలేదు.

లోపల దాదాపు మూడు వందల మంది స్త్రీలు, వాళ్ల పిల్లలు నాలుగు గదుల్లో కిక్కిరిసి ఉన్నారు. విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, ఉరిశిక్ష పడ్డవాళ్లు, చిన్న దొంగతనానికి వచ్చిన అమ్మాయిలు అంతా ఒకేచోట. పరుపు లేదు, దుప్పటి లేదు. వంట, స్నానం, నిద్ర అన్నీ ఆ నేల మీదే. చనిపోయిన ఒక పసికందు ఒంటిమీది గుడ్డలు విప్పి, బతికున్న ఇంకో బిడ్డకు తొడుగుతున్న ఇద్దరు ఆడవాళ్లను ఆవిడ చూశారు. ఆ దృశ్యం ఆవిడను జీవితాంతం వెంటాడింది.

అయితే వెంటనే పని మొదలు కాలేదు. వరుస కాన్పులు, ఇంట్లో డబ్బు ఇబ్బందులు, 1815లో చిన్నారి కూతురు బెట్సీ మరణం... ఇలా దాదాపు నాలుగేళ్లు గడిచిపోయాయి. మళ్లీ న్యూగేట్‌లో అడుగుపెట్టింది 1816 చివరి రోజుల్లో.

ఈసారి ఆవిడ తల్లులతో పిల్లల గురించి మాట్లాడారు. ఈ పిల్లలకు బడి పెడదామా అని అడిగారు. తల్లులంతా ఒప్పుకున్నారు. టీచర్‌ను కూడా వాళ్లే ఎంచుకున్నారు. గడియారం దొంగతనం కేసులో లోపలికొచ్చిన మేరీ కానర్ అనే యువతి ఆ బడికి పంతులమ్మ అయింది. ఇది సాగే పని కాదని పెదవి విరిచిన అధికారులు, ఖాళీగా ఉన్న ఒక గది మాత్రం ఇచ్చారు. పిల్లల కోసం పెట్టిన బడి గుమ్మం దగ్గర పెద్దవాళ్లు కూడా చేరి, మాకూ చదువు, పని నేర్పమని బతిమాలడం మొదలుపెట్టారు.

పద్దెనిమిది పెన్నీల లెక్క

1817 ఏప్రిల్‌లో డజను మంది స్త్రీలతో ఒక సంఘం ఏర్పడింది. ఖైదీలకు బట్టలు, చదువు, పని ఇవ్వాలి. లోపల క్రమంగా ఉండేలా, బయటికెళ్లాక గౌరవంగా బతికేలా తయారుచేయాలి. ఇదీ వాళ్ల లక్ష్యం. బయటికెళ్లాక అన్న మాట మొదటిరోజు నుంచే అందులో ఉంది.

నిబంధనలు కూడా పైనుంచి రుద్దలేదు. తాగుడు, జూదం, బూతులు, అడుక్కోవడం మానాలన్న ఒక్కో నియమాన్ని ఫ్రై చదివి వినిపించారు. ఖైదీలు చేతులెత్తి ఆమోదించాకే అది అమల్లోకి వచ్చింది. జైలు లాండ్రీ గదికి సున్నం కొట్టి పనిగదిగా మార్చారు. ఆస్ట్రేలియాలోని బోటనీ బేకు బట్టలు పంపే వ్యాపారులను కలిసి కుట్టుపని ఆర్డర్లు తెచ్చారు. అల్లికలు, మేజోళ్లు, చొక్కాలు తయారయ్యాయి.

1818 ఫిబ్రవరిలో పార్లమెంటు కమిటీ ఆవిడను పిలిచి వివరాలు అడిగింది. ఒక స్త్రీ అలా సాక్ష్యం చెప్పడం అప్పట్లో దాదాపు వినని సంగతి. ఆవిడ భావావేశంతో మాట్లాడలేదు, లెక్కలు చెప్పారు. పది నెలల్లో దాదాపు 20,000 వస్త్రాలు తయారయ్యాయి. ఒక్కో స్త్రీకి వారానికి సుమారు 18 పెన్నీల సంపాదన. అందులోంచే ఖైదీలంతా కలిసి నెలకు నాలుగు పౌండ్లు తమ బట్టల కోసం పోగుచేస్తారు. దానికి సంఘం ఎనిమిది పౌండ్లు కలుపుతుంది.

ఆ లెక్కను జాగ్రత్తగా చూడాలి. బట్టల ఖర్చులో ఖైదీలది ఒక పాలు, దాతలది రెండు పాళ్లు. మనిషిని జైల్లో పెట్టిన సర్కారుది అందులో సున్నా. దానం మీద ఈ పని ఎంతకాలం నడుస్తుందన్నదే కమిటీ ముందు ఆవిడ పెట్టిన అసలు ప్రశ్న. పని కల్పించడం, ఆడఖైదీలను ఆడ సిబ్బంది పర్యవేక్షణలో ఉంచడం జైలు వ్యవస్థలోనే భాగం కావాలని ఆవిడ కోరారు.

దీనికి ఒక చిన్న మొదలు అప్పటికే పడింది. ఆడవాళ్ల వార్డు చూసుకునే మాట్రన్‌కు మొదట సంఘమే జీతం ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. మేయర్, నగర పెద్దలు స్వయంగా వచ్చి మార్పు చూశాక, ఈ పద్ధతిని న్యూగేట్ నిర్వహణలో భాగంగా స్వీకరించారు. మాట్రన్ ఖర్చులో కొంత లండన్ నగరపాలక సంస్థ భరించడానికి ఒప్పుకుంది. మొత్తం ఖర్చు కాకపోయినా, ఒక దాత ఇంటి పనిగా మొదలైనది నగరం పద్దుల్లోకి ఎక్కింది.

దొంగనోటుకు ఉరి

అదే 1818లో ఆవిడ ఒక పెద్ద ఓటమి చూశారు. హ్యారియట్ స్కెల్టన్ అనే యువతికి దొంగనోట్లు చెలామణి చేసిన నేరానికి ఉరిశిక్ష పడింది. ఆ రోజుల్లో అలాంటి కేసులు నడిపించేది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండే. ఫ్రై బ్యాంకు పెద్దలను వేడుకున్నారు, హోం మంత్రి లార్డ్ సిడ్‌మత్ దగ్గరికి వెళ్లారు. ఆయన కరగలేదు సరికదా, ఇలాంటి జోక్యం శిక్షల మీద జనానికి భయం లేకుండా చేస్తుందని కోప్పడ్డారు. స్కెల్టన్‌ను ఉరితీశారు.

ఆ తర్వాత 184 ఏళ్లకు అదే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ తన ఐదు పౌండ్ల నోటు మీద ఫ్రై బొమ్మ ముద్రించింది.

ఓడరేవు దాకా

ఆ కాలంలో వేలమంది ఖైదీలను శిక్షగా ఆస్ట్రేలియాకు ఓడల్లో పంపేవారు. న్యూగేట్ స్త్రీలను సంకెళ్లతో, పైకప్పు లేని బండ్లలో, జనం గేలి చేస్తుండగా రేవుకు తీసుకెళ్లేవారు. ఆ అవమానం భరించలేక ముందురాత్రి జైలులో విధ్వంసం జరిగేది. మూసిన గుర్రపు బండ్లలో పంపండి, నేను కూడా వెంట వస్తానని ఫ్రై అధికారులను ఒప్పించారు. మాట ప్రకారం వెళ్లారు. ఆ తర్వాత పాతికేళ్లలో వందకు పైగా ఓడలు ఎక్కి ఖైదీలను కలిశారు.

ఓడ ఎక్కే ప్రతి స్త్రీకీ సంఘం ఒక మూట ఇచ్చేది. అందులో గుడ్డముక్కలు, సూదులు, దారం, కత్తెర. నెలల తరబడి సాగే ప్రయాణంలో ఆ ముక్కలు కలిపి బొంతలు కుడితే, దిగినచోట అమ్ముకుని నాలుగు డబ్బులు చేసుకోవచ్చు. మన అమ్మమ్మలు పాత చీరలతో కుట్టిన బొంతల్లాంటివే అవి. 1841లో రాజా అనే ఓడలో వెళ్లిన స్త్రీలు కుట్టిన బొంత ఇప్పుడు ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో భద్రంగా ఉంది.

కానీ మూట ఒక్కటే చాలదని ఆవిడకు త్వరలోనే తెలిసింది. సిడ్నీ దగ్గర పనిచేసే శామ్యూల్ మార్స్‌డెన్ అనే మతగురువు ఉత్తరం రాశారు. అక్కడ దిగిన స్త్రీలకు రాత్రి తలదాచుకునే చోటు లేదు. పడుకునే జాగా కోసం ఒళ్లు అమ్ముకునే గతి పడుతోంది. ఎంత చదువు చెప్పినా, ఎంత పని నేర్పినా, చీకటిపడే వేళకు ఒక గది లేకపోతే అంతా వృథా అవుతుందని ఆ ఉత్తరం చెప్పింది. ఫ్రై దాన్ని ప్రభుత్వం దృష్టికి తీసుకెళ్లారు. దూరపు వలసలో గది కట్టడం ఏ మహిళా సంఘం చేతనయ్యే పనీ కాదు.

చట్టం చేసిన మేలు, మిగిల్చిన వెలితి

1823లో హోం మంత్రి రాబర్ట్ పీల్ జైళ్ల చట్టం తెచ్చారు. అంతకుముందు చాలా జైళ్లలో జైలర్లు ఖైదీల దగ్గరే ఫీజులు గుంజి బతికేవారు. కొత్త చట్టం వాళ్లకు జీతాలు పెట్టింది. ఆడఖైదీలకు ఆడ సిబ్బందినే పెట్టాలంది. ఆరేళ్లుగా ఫ్రై చెబుతున్న మాట ఇలా చట్టమైంది, దాని ఖర్చు స్థానిక పన్నుల మీద పడింది.

వెలితి కూడా తక్కువేం కాదు. ఆ చట్టం జిల్లా జైళ్లకు, కొన్ని పెద్ద పట్టణాలకే వర్తించింది. అప్పులవాళ్ల జైళ్లు, చాలా ఊళ్ల జైళ్లు బయటే ఉండిపోయాయి. అమలు చూసే ఇన్‌స్పెక్టర్లు 1835 దాకా లేరు.

అన్నిటికంటే పెద్ద లోటు విడుదల తర్వాతి బతుకు. ఫ్రై, ఆవిడ స్నేహితురాళ్లు దాన్ని సొంతంగా పూడ్చాలని చూశారు. 1822లో వెస్ట్‌మినిస్టర్‌లో టాట్‌హిల్ ఫీల్డ్స్ దగ్గర విడుదలైన స్త్రీల కోసం చిన్న ఆశ్రయం తెరిచారు. 1825లో చెల్సీలో దారితప్పిన బాలికల కోసం ఒక పాఠశాల మొదలైంది. న్యూగేట్ నుంచి ఏటా బయటికొచ్చే వాళ్లతో పోలిస్తే అక్కడ పట్టేది కొద్దిమందే.

బ్యాంకు మూతపడింది

1828 నవంబరులో జోసెఫ్ ఫ్రై బ్యాంకు దివాలా తీసింది. ప్లాషెట్ హౌస్ వదులుకోవాల్సి వచ్చింది. అప్పు ఎగ్గొట్టడాన్ని పెద్ద తప్పుగా చూసే క్వేకర్లు జోసెఫ్‌ను సభ్యత్వం నుంచి తొలగించారు. బ్యాంకు సొమ్మంతా ఆవిడ దానధర్మాలకే పోయిందని పుకార్లు పుట్టాయి. పుట్టింటి తమ్ముడు జోసెఫ్ జాన్ గర్నీ ఆదుకోకపోతే ఆ కుటుంబం ఏమయ్యేదో. చివరికి అప్టన్ లేన్‌లో చిన్న ఇంటికి మారారు.

ఒక కలవారి కుటుంబం చేతి చలవ మీద నడిచే సేవ ఎంత అస్థిరమో ఆ ఏడాది బయటపడింది. సంఘం మిగతా చందాదారులతో నిలబడింది, ఆవిడా జైళ్లకు వెళ్లడం మానలేదు. కానీ ఇదివరకటిలా చేయి చాచి ఇవ్వగల స్థితి పోయింది. చట్టప్రకారం జీతం అందుకునే ఆడ వార్డరు ఉద్యోగం మాత్రం ఏ బ్యాంకు మూతపడినా ఆగలేదు.

సర్కారు డబ్బుతో సర్కారు పెత్తనం కూడా వస్తుందని తర్వాత తెలిసింది. 1835లో వచ్చిన జైలు ఇన్‌స్పెక్టర్లు ఒక్కో ఖైదీనీ ఒక్కో గదిలో, ఎవరి ముఖం ఎవరూ చూడకుండా ఉంచే పద్ధతిని గట్టిగా సమర్థించారు. సందర్శకులుగా వచ్చే స్త్రీల వల్ల క్రమశిక్షణ దెబ్బతింటోందని రాశారు. రాత్రి విడిగా పడుకోబెట్టడం మంచిదే, పగలంతా ఒంటరిని చేస్తే మనిషి మనసు చెదురుతుందని ఫ్రై వాదించారు. నలుగురితో కలిసి బతకాల్సిన మనిషికి ఒంటరితనంలో ఏ తర్ఫీదూ అందదన్నది ఆవిడ అనుభవం. ఆ వాదనలో ఆవిడ నెగ్గలేదు.

ఆవిడ మీద విమర్శలు కూడా ఉన్నాయి. పిల్లలను పట్టించుకోలేదని సాటి క్వేకర్లే నిందించారు. ఆవిడ బైబిలు చదువుతుంటే చూడటానికి గొప్పింటివాళ్లు టికెట్ కొన్నట్టు న్యూగేట్‌కు తరలిరావడం ఖైదీలను వింత వస్తువులుగా మార్చిందన్న మాటలో కొంత నిజం ఉంది. 1842లో ప్రష్యా రాజు కూడా ఆవిడ వెంట న్యూగేట్ చూసి, అప్టన్ లేన్ ఇంట్లో భోజనం చేసి వెళ్లారు.

ఆవిడ పోయాక

1845 అక్టోబరులో రామ్స్‌గేట్‌లో ఆవిడ కన్నుమూశారు. బార్కింగ్‌లోని క్వేకర్ శ్మశానంలో అంత్యక్రియలు జరిగాయి. వెయ్యిమందికి పైగా మౌనంగా నిలబడ్డారు.

ఆవిడకు స్మారకంగా ఏం చేయాలన్న చర్చ వచ్చింది. విగ్రహం బదులు ఇల్లు కట్టాలని నిర్ణయించారు. 1849లో హ్యాక్నీలోని మేర్ స్ట్రీట్‌లో ఎలిజబెత్ ఫ్రై ఆశ్రయం తెరుచుకుంది. జైలు నుంచి విడుదలైన యువతులు పని దొరికేదాకా అక్కడ ఉండవచ్చు. నగరంలోని వ్యాపార సంఘాల చందాలు, అక్కడుండే స్త్రీల బట్టల ఉతుకు, కుట్టుపని ఆదాయంతో అది నడిచింది. న్యూగేట్ నాటి లెక్కే మళ్లీ. సర్కారు వాటా ఇంకా రాలేదు.

ఆ వాటా చిన్నగా, ఆలస్యంగా వచ్చింది. 1862లో వచ్చిన చట్టం ప్రకారం, గుర్తింపు పొందిన సహాయ సంఘం ద్వారా విడుదలైన ఒక్కో ఖైదీకి రెండు పౌండ్ల వరకు ఇచ్చే అధికారం మేజిస్ట్రేట్లకు దక్కింది. 1907లో ప్రొబేషన్ చట్టం వచ్చింది. శిక్ష బదులు అధికారి పర్యవేక్షణలో మనిషిని సమాజంలోనే నిలబెట్టే పని దానితో ప్రభుత్వ ఉద్యోగమైంది. 1920ల్లో ఫ్రై పేరున్న ఆశ్రయం ప్రొబేషన్‌లో ఉన్న అమ్మాయిల హాస్టల్‌గా మారింది. తర్వాత రీడింగ్ పట్టణానికి తరలింది. జైలు నుంచి వచ్చే స్త్రీలకు ప్రొబేషన్ వ్యవస్థలో భాగమైన వసతి గృహంగా ఆ పేరుతోనే అక్కడ కొనసాగుతోంది. దానంతో మొదలైన ఇల్లు ప్రజాధనంలోకి చేరడానికి మూడు తరాలు పట్టింది.

బేరం ఇంకా పూర్తికాలేదు. ఇంగ్లాండ్, వేల్స్‌లో జైలు నుంచి విడుదలయ్యే మనిషి చేతిలో పెట్టే సొమ్ము ఏళ్ల తరబడి 46 పౌండ్ల దగ్గరే ఆగిపోయి, 2021లో 76 పౌండ్లయింది. ఈ దేశంలో కొత్తగా దిగిన రోజుల్లో గది అడ్వాన్సుకు, మొదటి వారం ఖర్చులకు మనం ఎంత తెచ్చుకున్నామో గుర్తుతెచ్చుకుంటే, ఆ అంకె ఎంతదూరం తీసుకెళ్తుందో తెలుస్తుంది. మనకు స్టేషన్‌కు వచ్చి తీసుకెళ్లే చుట్టమో స్నేహితుడో ఉన్నాడు. గేటు దాటే చాలామందికి అదీ ఉండదు.

న్యూగేట్ జైలును వందేళ్లకు పైగా క్రితమే కూల్చేశారు. ఆ చోట ఓల్డ్ బెయిలీ కోర్టు నిలబడింది. ప్లాషెట్ హౌస్ కూడా లేదు. ఈస్ట్ హామ్‌లో ఒక వీధికి, పార్కుకు, ఆడపిల్లల బడికి ప్లాషెట్ పేరు మిగిలింది. బార్కింగ్‌లో ఆవిడను పూడ్చిన శ్మశానం ఇప్పుడు అందరూ తిరగగలిగే చిన్న తోట. దానికి ఎదురుగా ఒకప్పటి క్వేకర్ల ప్రార్థనా మందిరం ఇవాళ గురుద్వారా. అక్కడ రోజూ వచ్చినవారందరికీ, ఎవరు, ఎక్కడినుంచి అని అడక్కుండా లంగర్‌లో అన్నం పెడతారు. ఈస్ట్ హామ్‌కు సరుకులకు వెళ్లినప్పుడు కాస్త వీలు చేసుకుంటే, పిల్లలను తీసుకెళ్లి చూపించడానికి అది పెద్ద దూరం కాదు.